కర్సర్ ఏ గడిలో ఉంది?

కంప్యూటర్ తెర మీద ఒకేసారి పది గడులు, ఐదారు బటన్లు, రెండు మూడు విండోలు తెరిచి ఉండవచ్చు. కీబోర్డు మాత్రం ఒక్కటే. మౌస్ నొక్కితే ఇబ్బంది లేదు, బాణం గుర్తు ఎక్కడుంటే ఆ నొక్కు అక్కడికే చేరుతుంది. కీబోర్డు మీద ‘క’ కొడితే ఆ అక్షరానికి సొంత చిరునామా అంటూ ఏదీ ఉండదు. దాన్ని ఏ విండోకు, ఆ విండోలో ఏ గడికి అందించాలో కంప్యూటర్ ముందే తేల్చుకుని ఉండాలి. ఈ క్షణాన కీబోర్డు ఎవరి అధీనంలో ఉందో చెప్పే ఏర్పాటు పేరే ఇన్‌పుట్ ఫోకస్. గడిలో మిణుకుమిణుకుమనే నిలువు గీత, బటన్ చుట్టూ వచ్చే నీలం చట్రం దాని ఆనవాళ్లు. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో చాలామందికి ఇది పట్టించుకోనక్కర్లేని సంగతి. కానీ పక్క గడిలో పడ్డ అంకెలు, సగంలో తెగిన తెలుగు పేర్లు, చాట్ పెట్టెలో అందరి కంటా పడ్డ పాస్‌వర్డులు ఎక్కడి నుంచి వచ్చాయని వెతికితే చాలాసార్లు ఇక్కడే తేలుతుంది.

ఫోకస్ అన్న మాటే అక్కర్లేని కాలమూ ఉండేది, విద్యుత్ కేంద్రాలే అందుకు ఉదాహరణ. రామగుండం ఎన్టీపీసీ ఉద్యోగుల కాలనీ జ్యోతినగర్. ఆ ఊరిని నిలబెట్టిన థర్మల్ కేంద్రంలో తొలి యూనిట్ 1983లో మొదలైంది. తర్వాత 200 మెగావాట్లవి మూడు, 500 మెగావాట్లవి నాలుగు కలిసి 2,600 మెగావాట్ల కేంద్రమైంది. 1980ల నాటి విద్యుత్ కేంద్రాల్లో కంట్రోల్ రూమ్ అంటే గోడ పొడవునా ప్యానెళ్లే. వాల్వుకో స్విచ్, ఫ్యానుకో స్విచ్, దేని మీటర్ దానికే. ఏ స్విచ్ మీద చెయ్యి వేస్తే ఆ యంత్రమే కదిలేది, అందులో ఫోకస్ అన్న ప్రశ్నే లేదు. డిస్ట్రిబ్యూటెడ్ కంట్రోల్ సిస్టమ్‌లు, వాడుకలో డీసీఎస్‌లు, వచ్చాక ఈ రంగమంతటా వందల పరికరాలు నాలుగైదు తెరల మీదికి చేరాయి. తెర మీద వాల్వు బొమ్మను నొక్కితే చిన్న విండో తెరుచుకుంటుంది. అందులో 60 అని కొట్టి ఎంటర్ నొక్కితే ఆ వాల్వు అరవై శాతానికి వెళ్తుంది. అలాంటి చిన్న విండోలు రెండు పక్కపక్కన తెరిచి ఉంటే ఆ 60 ఫీడ్‌వాటర్ వాల్వుకు పోయిందా, స్ప్రే వాల్వుకు పోయిందా అన్నది ఆపరేటర్ చెయ్యి నిర్ణయించదు, ఫోకస్ నిర్ణయిస్తుంది. అందుకే ఇలాంటి తెరలు రూపొందించేవాళ్లు ప్రతి చిన్న విండో తలమీద పరికరం పేరు పెద్దగా రాస్తారు, హద్దు దాటిన అంకెను తీసుకోరు, ముఖ్యమైన మార్పులకు ఇంకోసారి ఖాయం చేయమని అడుగుతారు. కంట్రోల్ రూమ్ తెరల రూపకల్పనకు 2015లో ఐఎస్ఏ-101 అనే ప్రమాణమే వెలువడింది.

ఒకే కీబోర్డును ఎన్నో విండోలు పంచుకోవడమనే సమస్య విండోలతోనే పుట్టింది. జెరాక్స్ స్టార్ 1981లో, యాపిల్ మెకింటోష్ 1984 జనవరిలో, మైక్రోసాఫ్ట్ విండోస్ తొలి కూర్పు 1985 నవంబరులో వచ్చాయి. 1984లోనే అమెరికాలోని ఎంఐటీలో ఎక్స్ విండో సిస్టమ్ మొదలైంది. నొక్కిన విండోకే కీబోర్డు అన్న పద్ధతిని మెకింటోష్, విండోస్ ఎంచుకున్నాయి. ఎక్స్ మాత్రం ఆ నిర్ణయాన్ని విండో మేనేజర్ అనే వేరే ప్రోగ్రాముకు వదిలేసింది. దాంతో యూనిక్స్ వాళ్లలో ఒక వర్గం మౌస్ బాణం ఏ విండో మీద ఉంటే దానికే కీబోర్డు అన్న పద్ధతికి అలవాటు పడింది. నొక్కే పని లేకుండా విండో మారుతుంది కాబట్టి ఇది చురుకైనదని వాళ్ల మాట. టేబుల్ కాస్త కదిలి బాణం పక్కకు జరిగితే అక్షరాలు పక్క విండోలో పడతాయన్నది అవతలివాళ్ల మాట. ఈ వాదన తేలలేదు, కాకపోతే మార్కెట్‌లో నొక్కుడు పద్ధతే నెగ్గింది.

గడి నుంచి గడికి ట్యాబ్ కీతో పోవడం, షిఫ్ట్ కలిపితే వెనక్కు రావడం, డైలాగ్ పెట్టెను ఎస్కేప్‌తో మూయడం వంటి అలవాట్లను ప్రోగ్రాములన్నిటికీ ఉమ్మడి నియమాలుగా రాసింది ఐబీఎం, 1987లో. తొలి మెకింటోష్ కీబోర్డు మీద బాణం కీలే లేవు. అందరూ మౌస్ పట్టాల్సిందేనని యాపిల్ పట్టుబట్టి తీసేసింది. ఆ పట్టుదల ఎక్కువ కాలం నిలవలేదు గానీ దాని ఛాయ ఇప్పటికీ ఉంది. మ్యాక్‌లో సెట్టింగ్ మార్చకపోతే ట్యాబ్ కీ రాసే గడుల దగ్గరా జాబితాల దగ్గరా ఆగుతుంది, బటన్ల మీద ఆగకుండా దాటిపోతుంది.

ఫోకస్‌కు రెండు అంతస్తులు ఉన్నాయి. ఏ విండో ముందుంది అన్నది పై అంతస్తు, దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ చూసుకుంటుంది. ఆ విండోలో ఏ గడి అన్నది కింది అంతస్తు, అది ప్రోగ్రాము బాధ్యత. గోదావరిఖనిలో ఒక ఇంటర్నెట్ సెంటర్ నడిపే ఆపరేటర్ ఆదాయ ధ్రువపత్రం దరఖాస్తులో తండ్రి పేరు కొడుతూ, స్కాన్ చేసిన ఆధార్ చూడటానికి ఆల్ట్-ట్యాబ్‌తో పక్క విండోకు వెళ్లి వస్తాడు. తిరిగి వచ్చేసరికి కర్సర్ తండ్రి పేరు గడిలోనే ఉండాలి. డైలాగ్ పెట్టెల విషయంలో విండోస్ ఆ స్థానాన్ని తనే గుర్తుంచుకుంటుంది. మామూలు విండోలకు ఆ పని ప్రోగ్రామర్ చేయాలి. అతను మరిచిపోతే కర్సర్ ఎక్కడా ఉండదు, ఆపరేటర్ మళ్లీ మౌస్ పట్టుకోవాలి. రోజుకు ఒక్కసారైతే ఎవరికీ పట్టదు. ప్రతి దరఖాస్తుకు నాలుగుసార్లయితే సాయంత్రానికి మణికట్టు నొప్పి పుడుతుంది.

ఫోకస్ ఒక గడి నుంచి ఇంకో గడికి మారేటప్పుడు ప్రోగ్రాముకు రెండు కబుర్లు అందుతాయి. మొదటిది ‘నీ దగ్గర నుంచి పోయింది’ అని పాత గడికి, రెండోది ‘నీకు వచ్చింది’ అని కొత్త గడికి. ప్రోగ్రామర్లను ఎక్కువగా ఊరించేది మొదటి కబురు. గడి వదిలి వెళ్తున్నాడు కదా, రాసింది సరిగ్గా ఉందో లేదో ఇప్పుడే చూద్దామనిపిస్తుంది. జ్యోతినగర్ పిన్‌కోడ్ 505215కు బదులు తొందరలో 50521 అని ఐదు అంకెలే కొట్టి ట్యాబ్ నొక్కారనుకోండి. పిన్‌కోడ్ గడి ఫోకస్ కోల్పోయింది. ఫోకస్ మొబైల్ నంబర్ గడికి చేరింది. అదే సమయంలో ‘పిన్‌కోడ్ సరికాదు’ అని ఒక హెచ్చరిక పెట్టె లేచింది. పెట్టె లేచిందంటే ఫోకస్ దానికి పోయినట్టే, అంటే మొబైల్ గడి కూడా ఫోకస్ కోల్పోయింది. అది ఖాళీగా ఉంది కాబట్టి ‘మొబైల్ నంబర్ ఇవ్వలేదు’ అని రెండో పెట్టె లేచింది. ఓకే నొక్కగానే ప్రోగ్రాము కర్సర్‌ను పిన్‌కోడ్‌కు లాగుతుంది, మొబైల్ గడి తన వైపు లాగుతుంది. ఇక పెట్టె మూస్తే పెట్టె లేస్తూ ఉంటుంది, బయటపడాలంటే ప్రోగ్రామునే చంపాలి. ఫోకస్ పోయిందన్న కబురు అందుకున్న సమయంలో కొత్త విండో ఏదీ చూపించవద్దని మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామర్ల పత్రాల్లో స్పష్టంగా హెచ్చరించింది. అయినా ఈ తప్పు తరం తరానికీ పుడుతూనే ఉంది. తప్పును గడి పక్కన ఎర్ర అక్షరాలతో చూపించి, మనిషిని ముందుకు పోనిచ్చి, చివర సమర్పించేటప్పుడు మాత్రమే ఆపడం మర్యాద.

దీనికి తమ్ముడి లాంటి తప్పు ఇంకొకటి. దరఖాస్తు వద్దనుకుని ‘రద్దు’ బటన్ నొక్కబోతే, ఆ నొక్కుడు వల్లే గడి ఫోకస్ కోల్పోయి, పిన్‌కోడ్ సరిచేస్తే గానీ కదలనివ్వనని మొరాయిస్తుంది. వద్దనుకున్న కాగితం మీద తప్పులు దిద్దమని అడిగినట్టే ఇది. మైక్రోసాఫ్ట్ విండోస్ ఫామ్స్‌లో ఒక బటన్ నొక్కినప్పుడు తనిఖీ జరగాలా వద్దా అని ముందే చెప్పే వీలు పెట్టింది ఇందుకే.

తెలుగు టైపింగ్ దగ్గరికి వస్తే చిక్కు ఇంకాస్త ముదురుతుంది. ఇంగ్లిష్‌లో కీ కొడితే అక్షరం పడుతుంది, అంతటితో అయిపోయింది. తెలుగులో ‘జ్యో’ అనే ఒక్క అక్షరానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద నాలుగు కీలు కొట్టాలి: జ, పొల్లు, య, ఓత్వం. రెండో కీ తర్వాత ఏ పాప్-అప్ వల్లో ఫోకస్ పక్క గడికి జారిందంటే మొదటి గడిలో ‘జ్’, రెండో గడిలో ‘యో’ మిగులుతాయి. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకునే పద్ధతిలో మాట పూర్తయ్యేదాకా అది గడిలో కింద గీతతో, ఇంకా ఖాయం కాని స్థితిలో ఉంటుంది. అప్పుడు ఫోకస్ పోతే కొన్ని ప్రోగ్రాములు ఉన్నంతవరకు ఖాయం చేస్తాయి, కొన్ని మొత్తం తుడిచేస్తాయి. ఏది చేసినా మనిషికి చెప్పి చేయవు.

గడి నిండగానే ఫోకస్‌ను తనంతట తానే ముందుకు తోసే ఫారాల సంగతి మరీ అన్యాయం. నిండింది అని లెక్కపెట్టేది ఎలా? ‘జ్యోతినగర్’ కంటికి ఐదు అక్షరాలు. 1991లోనే తెలుగును చేర్చుకున్న యూనికోడ్ లెక్కలో అవి పది గుర్తులు. యూటీఎఫ్-8లో భద్రపరిస్తే 30 బైట్లు. తొమ్మిది గుర్తుల హద్దు పెట్టిన గడిలో ‘జ్యోతినగర’ అయిపోయి, ఆఖరి పొల్లు పక్క గడి మొదట్లో పడుతుంది. 20 బైట్ల హద్దు పెడితే ‘జ్యోతి’ వరకే నిలిచి, ‘న’ ముక్కలవుతుంది. ఇంగ్లిష్ పేర్లతో మాత్రమే పరీక్షించిన సాఫ్ట్‌వేర్‌లో ఇది బయటపడదు. ఫోకస్‌ను పరీక్షించేవాళ్లు ఒత్తులున్న పేర్లు, సున్నాలున్న పేర్లు, పొల్లుతో ముగిసే పేర్లు కొన్ని చేతిలో ఉంచుకోవాలని చెప్పడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

కీబోర్డు భాష కూడా ఫోకస్‌తో ముడిపడిందే. విండోస్ 8కు ముందు ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో భాష గుర్తుండేది. వర్డ్‌లో తెలుగు, బ్రౌజర్‌లో ఇంగ్లిష్ పెట్టుకుంటే ఫోకస్ మారినప్పుడల్లా భాషా మారేది. విండోస్ 8 నుంచి మొత్తానికి ఒకే భాష అన్నది మామూలు ఏర్పాటైంది, కావాలంటే పాత పద్ధతికి మార్చుకోవచ్చు. ఏ పద్ధతి ఉన్నా పాస్‌వర్డ్ గడి ప్రమాదం పోలేదు. అక్కడ చుక్కలే కనిపిస్తాయి కాబట్టి తెలుగు లేఅవుట్ ఆన్‌లో ఉన్నట్టు తెలియదు. పాస్‌వర్డ్ సరిగ్గానే గుర్తుంది, మూడుసార్లు సరిగ్గానే కొట్టారు, ఖాతా మాత్రం లాక్ అయింది.

ఓటీపీ గడులను చూస్తే ఫోకస్ కష్టాలన్నీ ఒకే చోట కనిపిస్తాయి. ఆరు అంకెలకు ఆరు చిన్న గడులు వరసగా పేర్చడం ఒక ఫ్యాషన్ అయింది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఒక అంకె కొట్టగానే ప్రోగ్రాము ఫోకస్‌ను తర్వాతి గడికి తోస్తుంది. మూడో అంకె తప్పు కొట్టారు, బ్యాక్‌స్పేస్ నొక్కారు. ఇప్పుడు కర్సర్ ఖాళీగా ఉన్న నాలుగో గడిలో ఉంది, అక్కడ చెరపడానికేమీ లేదు. వెనక్కు వెళ్లాలని ప్రోగ్రామర్ ప్రత్యేకంగా రాసి ఉంటేనే వెళ్తుంది. మెసేజ్ నుంచి ఆరంకెలూ కాపీ చేసి పేస్ట్ చేస్తే మొదటి గడిలో ఒక్క అంకె మిగిలి, ఐదు గాలికి పోతాయి. కంటి చూపు లేనివారికి ఫోను ‘గడి, గడి, గడి’ అని ఆరుసార్లు చదువుతుంది. ఫోను తనంతట తానే ఓటీపీ నింపే సదుపాయం కూడా చాలాసార్లు తడబడుతుంది. పింఛను కోసమో గ్యాస్ కనెక్షన్ కోసమో కూర్చున్న రిటైర్డ్ గని కార్మికుడు ఈలోగా గడువు దాటి మళ్లీ ఓటీపీ తెప్పించుకోవాలి. మందు సులువు. ఆరంకెలు పట్టే ఒకే గడి పెట్టి, అది ఓటీపీ గడి అని బ్రౌజర్‌కు ఒక గుర్తు ఇచ్చి, అంకెల కీబోర్డు తెరవమని చెబితే చాలు. ముచ్చట కోసం అంకెలను ఎడంగా చూపించాలంటే అది అక్షరాల మధ్య ఖాళీతోనే సాధ్యం.

పై అంతస్తులో జరిగే తప్పుకు ఫోకస్ దొంగతనం అని పేరు. ఒకరు ఒక విండోలో పని చేసుకుంటుంటే మరో ప్రోగ్రాము అడగకుండా ముందుకు వచ్చి కీబోర్డు లాక్కోవడమే ఇది. పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు చాట్ విండో లేస్తే సగం పాస్‌వర్డ్ చాట్‌లోకి పోతుంది. ‘ఫైలు తొలగించాలా?’ అన్న పెట్టె సరిగ్గా స్పేస్ నొక్కే క్షణంలో లేస్తే, ప్రశ్న చదవకముందే ఫైలు పోతుంది. విండోస్ 98, విండోస్ 2000 నాటి నుంచి వెనక ఉన్న ప్రోగ్రాము తనంతట తాను ముందుకు రాకుండా మైక్రోసాఫ్ట్ కట్టడి పెట్టింది. అది రాబోతే కింద టాస్క్‌బార్‌లో దాని గుర్తు మెరుస్తుందంతే. లినక్స్‌లో కొత్తగా వచ్చిన వేలాండ్ పద్ధతిలో ప్రోగ్రాముకు ఫోకస్ లాక్కునే అధికారమే లేదు, అడిగితే ఇవ్వడమా మానడమా అన్నది తెరను నడిపే ప్రోగ్రాము ఇష్టం. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ అనుమతి అడిగే కొన్ని పెట్టెల్లో ‘సరే’ బటన్‌ను కాసేపు పనిచేయనివ్వదు. వేరే చోట కొడుతున్న కీ పొరపాటున దానికి తగలకూడదని ఆ జాగ్రత్త. ప్రమాదకరమైన ప్రశ్న అడిగే పెట్టె తెరిచేటప్పుడు ఫోకస్ ‘వద్దు’ మీద ఉండాలన్నది పాత నియమమే, పాటించేవాళ్లే తక్కువ.

కర్సర్ స్థానాన్ని ప్రోగ్రాము తప్పుగా అర్థం చేసుకుంటే ఎంత దూరం పోగలదో థెరాక్-25 చూపించింది. కెనడా ప్రభుత్వ సంస్థ ఏఈసీఎల్ తయారుచేసిన ఆ క్యాన్సర్ రేడియేషన్ యంత్రం 1985-87 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురికి మోతాదుకు ఎన్నో రెట్లు మించిన రేడియేషన్ ఇచ్చింది. వారిలో కొందరు చనిపోయారు. దానిది గ్రాఫికల్ తెర కాదు, అక్షరాల టెర్మినల్. అయినా సమస్య ఇదే జాతిది. 1986లో టెక్సస్‌లోని టైలర్ పట్టణంలో ఒక క్యాన్సర్ కేంద్రంలో ఆపరేటర్ ఎలక్ట్రాన్ కిరణానికి బదులు పొరపాటున ఎక్స్-రే అక్షరం కొట్టి, బాణం కీతో పైకి వెళ్లి దిద్ది, చకచకా కిందికి వచ్చింది. కర్సర్ అడుగు వరసకు చేరితే వివరాలన్నీ ఇవ్వడం అయిపోయిందని సాఫ్ట్‌వేర్ లెక్క. యంత్రంలోని అయస్కాంతాలు సర్దుకోవడానికి పట్టే దాదాపు 8 సెకన్లలో చేసిన దిద్దుబాటును అది గమనించలేదు. తెర మీద కనిపించేది ఒకటి, యంత్రం లోపల ఉన్నది మరొకటి అయ్యాయి. చేయి తిరిగిన ఆపరేటర్ వేగంగా కొడితేనే ఈ తప్పు బయటపడింది. నిదానంగా నొక్కి చూసిన పరీక్షల్లో అది కనబడకపోవడం వింత కాదు.

చూపు లేనివారికి ఫోకస్ సౌకర్యం కాదు, తెర అంటేనే అది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ ఫోకస్ ఎక్కడుంటే అక్కడున్నది చదివి వినిపిస్తుంది. దానితో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా పలుకుతుంది. ఫోకస్ చేరని బటన్ వారికి లేనట్టే. ఫోకస్ లోపలికి పోయి బయటికి రాని పెట్టె తలుపు లేని గది. గనిలో దెబ్బ తగిలి వేళ్లు సరిగ్గా కదలని మనిషికి మౌస్‌తో చిన్న గుర్తును పట్టుకోవడం కష్టం, ట్యాబ్ కీ సులువు. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2008లో ఇచ్చిన డబ్ల్యూసీఏజీ 2.0 నియమాల్లో ఫోకస్‌కు సంబంధించి ముఖ్యమైనవి నాలుగు. మౌస్ లేకుండా అంతా చేయగలగాలి, కీబోర్డు ఎక్కడా ఇరుక్కోకూడదు, ఫోకస్ వరస అర్థవంతంగా ఉండాలి, ఫోకస్ కంటికి కనిపించాలి. 2023 అక్టోబరులో వచ్చిన 2.2 కూర్పు ఇంకొకటి కలిపింది: ఫోకస్ ఉన్న గడి పైన అతుక్కున్న పట్టీల కింద దాక్కోకూడదు. మన ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో వచ్చాయి, మూడో కూర్పు 2023లో. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 నాటిది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని చెప్పి, కేవైసీ ప్రక్రియను యాసిడ్ దాడి బాధితులకు, చూపు లేనివారికి అందుబాటులోకి తేవాలని ఆదేశించింది. అంటే ఫోకస్ నీలం చట్రం అందంగా లేదని డిజైనర్ తీసేయడం ఇక అభిరుచికి సంబంధించిన సంగతి కాదు.

పరీక్ష మొదలుపెట్టాల్సింది మౌస్ పక్కన పెట్టడంతో. ఫారం తెరవగానే కర్సర్ ఎక్కడుందో చూడాలి. ట్యాబ్ కొడుతూ చివరిదాకా పోవాలి, ప్రతి మజిలీలో ఫోకస్ కనిపించాలి. షిఫ్ట్-ట్యాబ్‌తో వెనక్కు రావాలి. ముందుకు పోయే దారిలో లేని గుంట వెనక్కు వచ్చే దారిలో తగలడం మామూలే. డైలాగ్ తెరిస్తే ఫోకస్ లోపలికి రావాలి, వెనకున్న పేజీకి జారకూడదు, మూస్తే తెరిచిన బటన్ దగ్గరికే తిరిగి చేరాలి. బ్రౌజర్లలో ఇప్పుడున్న డైలాగ్ మూలకం ఈ మూడూ తనే చూసుకుంటుంది, సొంతంగా అల్లుకున్న పెట్టెలే తప్పుతాయి. ఎక్కువమంది పరీక్షకులు మరిచిపోయేవి రెండున్నాయి. జాబితాలో ఒక వరసను తొలగిస్తే ఆ వరసలోని ‘తొలగించు’ బటన్ కూడా పోతుంది. మరి ఫోకస్ ఎటు పోయింది? ప్రోగ్రామర్ ఆలోచించకపోతే పేజీ మొదటికి జారిపోవచ్చు, కీబోర్డు వాడే మనిషి మళ్లీ ముప్పై ట్యాబులు కొట్టాల్సి రావచ్చు. రెండోది, ‘సమర్పించు’ నొక్కగానే రెండోసారి నొక్కకుండా ఆ బటన్‌ను పనిచేయనివ్వకుండా చేస్తారు. ఉద్దేశం మంచిదే, కానీ ఫోకస్ దాని మీదే ఉంది. నిద్రపోయిన బటన్ మీద నిలిచిన ఫోకస్ ఏమవుతుందన్నది బ్రౌజర్‌ను బట్టి మారుతుంది.

చేత్తో చేసే పరీక్ష ప్రతి కూర్పుకూ చేయలేరు కాబట్టి యంత్రంతో చేయిస్తారు. 2004లో థాట్‌వర్క్స్ సంస్థలో పుట్టిన సెలీనియం, 2020లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ప్లేరైట్ ఇందుకు బాగా వాడుకలో ఉన్నవి. ఇక్కడ ఒక మోసం ఉంది. సెలీనియంతో ‘ఈ గడిలో 505215 కొట్టు’ అని చెబితే అది ముందుగా తనే ఆ గడికి ఫోకస్ ఇచ్చి, ఆ తర్వాత కొడుతుంది. నిజజీవితంలో ట్యాబ్ కొట్టి ఆ గడికి చేరడం అసాధ్యమైనా పరీక్ష పాసవుతుంది. ఫోకస్‌ను పరీక్షించాలంటే గడి పేరు చెప్పకూడదు. కీబోర్డుకు మాత్రమే ‘ట్యాబ్ నొక్కు’ అని చెప్పి, ఆ తర్వాత ఫోకస్ ఎవరి దగ్గరుందని అడగాలి. బ్రౌజర్‌లో ఈ ప్రశ్నకు జవాబు యాక్టివ్ ఎలిమెంట్ అనే చోట దొరుకుతుంది.

ఇంకో తలనొప్పి, ఒకసారి పాసై ఇంకోసారి ఫెయిలయ్యే పరీక్షలు. ఫోకస్ అడగడం వేరు, దొరకడం వేరు, దరఖాస్తు పెట్టిన రోజే మంజూరు కానట్టు. విండో తెరవమని ప్రోగ్రాము చెప్పాక ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని ముందుకు తెచ్చి ఫోకస్ ఇవ్వడానికి కాస్త సమయం పడుతుంది. 2002లో ఫోకస్ వ్యవస్థను తిరగరాసిన జావా 1.4 పత్రాలు ఈ మాట నేరుగా చెబుతాయి: ఫోకస్ వచ్చిందన్న కబురు అందేదాకా వచ్చిందని అనుకోవద్దు. అందుకే పరీక్షలో ‘రెండు సెకన్లు ఆగు’ అని రాయడం చేతకానితనం. ‘ఫోకస్ వచ్చేదాకా ఆగు, ఇంత గడువులో రాకపోతే ఫెయిల్’ అని రాయాలి. ఒకే కంప్యూటర్ మీద నాలుగు పరీక్షలు ఒకేసారి నడిపితే నాలుగు విండోలూ ఒకదాని ఫోకస్ ఒకటి లాక్కుంటాయి. దీనికి ఒక్కో పరీక్షకు ఒక్కో వేరే తెర ఇవ్వాలి, లినక్స్‌లో ఎక్స్‌వీఎఫ్‌బీ అనే కనిపించని తెర అందుకు పనికొస్తుంది. విండో మేనేజర్ లేకుండా దాన్ని నడిపితే ఫోకస్ పంచేవాళ్లే ఉండరు, అది మరో రకం తప్పుడు ఫెయిల్. రిమోట్ డెస్క్‌టాప్ మూసేసి ఇంటికి పోతే రాత్రి పరీక్షలన్నీ ఎర్రగా కనిపించడానికి కారణం కూడా ఫోకస్ ఇచ్చేవాళ్లు లేకపోవడమే. కొన్ని పరికరాలు ప్రతి పేజీనీ అది ఫోకస్‌లో ఉన్నట్టే నమ్మిస్తాయి. పరీక్షలు స్థిరంగా నడుస్తాయి గానీ ఆల్ట్-ట్యాబ్ కొట్టి వెళ్లి వచ్చే మనిషి అనుభవం అందులో ఉండదు. ఫెయిలైనప్పుడు ‘ఫోకస్ రాలేదు’ అని మాత్రమే రాస్తే ఉపయోగం లేదు. ఆ క్షణాన ఫోకస్ ఎవరి దగ్గరుందో, ముందున్న విండో పేరేమిటో, తెర ఫొటోతో సహా నమోదు చేస్తే సగం పని అక్కడే తీరుతుంది.

యంత్రం పట్టలేనిది ఒకటి మిగులుతుంది. ఫోకస్ వరస అర్థవంతంగా ఉందా లేదా అన్నది. ఇంటిపేరు తర్వాత పుట్టినతేదీకి, అక్కడి నుంచి తండ్రి పేరుకు దూకినా యంత్రానికి అన్నీ సమానమే. కాగితం దరఖాస్తు చూస్తూ కొట్టే ఆపరేటర్‌కు అది తెలుస్తుంది. కాబట్టి ఫారాలు, పోర్టళ్లు చేయించుకునే కార్యాలయాలు, కంపెనీలు ఒక చిన్న షరతు పెట్టుకోవచ్చు. బిల్లు చెల్లించే ముందు మౌస్ తీసేసిన కంప్యూటర్ ఒకటి పెట్టి, రోజూ కౌంటర్‌లో కూర్చునే మనిషి చేత, వీలైతే స్క్రీన్ రీడర్ వాడే మనిషి చేత కూడా, ఒక దరఖాస్తును తెలుగు పేరుతో మొదటి నుంచి చివరి వరకు నింపించండి. నింపలేకపోతే సంతకం పెట్టకండి.